నూతిలోకి దింపని దీపం

దాలమ్మతో మాట్లాడాలి, మీరు రావాలి అన్నాడు లార్సన్ దొర. వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయే రోజు పొద్దున్న అది. జూలై ఆఖరుదాకా ఉండవలసినవాళ్లు జూన్ సగంలోనే పెట్టెలు కట్టేశారు. బంగళా ముందు జీపు వెనక భాగం తెరిచి ఉంది. దొరసాని గిన్నెలకి పాత చీరగుడ్డలు చుట్టి లోపల సర్దుతోంది.

నాకు ఒంట్లో బాగాలేదన్నాను. రాజాం వెళ్లే పనుందన్నాను. మొగుడు పోయి పన్నెండు రోజులే అయింది, ఆవిడ పరాయి మగాళ్లతో మాట్లాడదన్నాను. అన్నీ ఓపిగ్గా విని దొర టోపీ పెట్టుకున్నాడు.

"మీరు లేకపోతే ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేను" అన్నాడు ఇంగ్లీషులో.

ఆ సంగతి ఆయనకంటే నాకు బాగా తెలుసు. ఆయన ఆమెకి చెప్పవలసిందీ, ఆమె ఆయన్ని అడగవలసిందీ ఒకటే సంగతి. ఆ రెండూ ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో నేను బతకను. ఆ రెండింటినీ కలవకుండా చూడవలసినవాణ్ణి కూడా నేనే. అందుకే వెంట వెళ్లాను.

జరిగింది మొదట్నుంచీ చెప్పుకోవాలి.

మా పల్లె రాజానికి నాలుగు మైళ్లు. రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. ఊళ్లో ఉన్న ఒక్క నుయ్యీ అడుగంటిపోయింది. ఆడవాళ్లు మైలున్నర నడిచి ఏటి ఇసకలో చెలమలు తీసి నీళ్లు తోడుకునేవారు. అలాంటప్పుడు, అరవై ఏడు మే నెల మొదట్లో, కెనడా నుంచి లార్సన్ దొర పెళ్లాన్నీ పదేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని దిగాడు. అక్కడ కాలేజీ మేష్టరట. వేసవి సెలవుల్లో ఏదో ఎండిపోయిన ఊళ్లో ఒక నుయ్యి తవ్వించి రమ్మని వాళ్ల చర్చివాళ్లు పంపించారట. సెలవులకి మనవాళ్లు చుట్టాలిళ్లకి పోతారు. వీళ్లు మా ఊరికి వచ్చారు.

నాకు ఇంగ్లీషు వచ్చు. బడిలో నేర్చింది కాదు. మూడో తరగతిలోనే మా నాన్న నా చేతిలో పలక లాక్కుని పశువుల వెనక తోలేశాడు. పదిహేడో ఏట ఓడెక్కి బర్మాలో రంగం (రంగూన్) వెళ్లాను. కలప రేవులో తెల్లవాళ్ల తిట్లు వింటూ వింటూ వంటబట్టిన ఇంగ్లీషు ఇది. ఆ ఓడలోనే నాతో వచ్చినవాడు అసిరయ్య. వాడికి ఆ తిట్లు కూడా వంటబట్టలేదు. నలభై రెండులో జపాను బాంబులు పడ్డాక ఇద్దరం కాలినడకన ఇంటిదారి పట్టాం. కొండల్లో నాకు చలిజ్వరం తగులుకుంటే మూడు రోజులు వీపున మోశాడు. నన్ను దింపేసి పోరా అంటే, "నిన్ను దింపేస్తే దారి అడగడానికి నాకు నోరేదిరా జగ్గా" అనేవాడు.

ఊరు చేరాక వాడు నూతులు తవ్వే పనిలో కుదురుకున్నాడు. నేను ఎందులోనూ కుదురుకోలేదు. పాతికేళ్లు రాజాం ధాన్యం కొట్లలో కాటాల పక్కన నిలబడ్డాను. ఎవడికో తూచడం, ఎవడి మాటో ఇంకెవడికో చెప్పి రావడం. దొర వచ్చాక అదే పని ఇంగ్లీషులో చేశాను.

దొర నన్ను "మిస్టర్ జగన్నాధం" అనేవాడు. అసిరయ్యని "నా స్నేహితుడు" అనేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా స్నేహం. మధ్యాహ్నం పని ఆపాక ఇద్దరూ నూతి గట్టున కూర్చుని తాటిముంజెలు తినేవారు. వాడు బొటనవేలితో ముంజె ఎలా పొడవాలో చూపించేవాడు. దొర మొహమంతా నీళ్లు చిమ్మించుకునేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. నేను మధ్యలో కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేవాణ్ణి. మోసేవాడికి ముంజె పెట్టాలని ఎవరికీ తోచదు.

దొర కూతురి పేరు ఎలెన్. అసిరయ్య దాన్ని ఎల్లమ్మ అన్నాడు. "మన ఊరి పేరేరా ఇది. ఆ దేశం దాకా ఎలా పోనాదో" అని ఆశ్చర్యపోయాడు. వాడి కూతురు అమ్మడు, ఈ పిల్ల, ఇద్దరూ నూతి దగ్గరే ఆడుకునేవారు. దానికి వాడొక పని కూడా అప్పజెప్పాడు.

లోతు నూతిలో చెడ్డగాలి నిలిచిపోతుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు. అందుకని రోజూ పొద్దున్న దిగేముందు లాంతరు వెలిగించి తాడుకి కట్టి అడుగుదాకా దింపుతారు. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరిందంటే దిగకూడదు. వేపమండలు కట్ట కట్టి దింపి, పైకీ కిందికీ ఆడించి, గాలి మారాక మళ్లీ దీపం దింపి చూసుకోవాలి. అంతా కలిపి అరగంట పని. ఆ లాంతరు దింపడం ఎల్లమ్మ వంతు.

"దీపం ఉన్నాదా ఎల్లమ్మా?" అని అడిగేవాడు అసిరయ్య.

"ఉన్నాది."

"ఆరిందా?"

"ఆర్నేదు."

అప్పుడు వాడు మోకు పట్టుకుని దిగేవాడు. ఆ పిల్లకి వచ్చిన తెలుగంతా ఆ లాంతరు చుట్టూ ఉన్నదే.

ముప్పై అయిదు అడుగులు దిగేసరికి రాయి చెమ్మగిల్లింది. ఇంతలో మరిడమ్మ సంబరం వచ్చింది. మూడు రోజులు పని మానేసి, పశువులు పడకుండా నూతి మీద తాటిమట్టలు కప్పేశారు.

నాలుగోరోజు మధ్యాహ్నం, చెప్పిన వేళకంటే ముందే, బ్లాకాఫీసరు జీపులో వచ్చాడు. దొర అతనికి తడిసిన మట్టి చూపిస్తానని మాటిచ్చాడు. నాకు ఇంకో మాట ఇచ్చాడు. బ్లాకాఫీసులో బంట్రోతు పని ఖాళీ ఉంది, నీ గురించి నేను చెబుతాను అన్నాడు. నలభై ఆరేళ్లవాడికి బంట్రోతు పని ఏమిటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఒక కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఎండలో నిలబడకుండా బతకడం అంటే ఏమిటో నాకు తెలుసు.

దొరసాని ఎల్లమ్మని తీసుకుని ఆ రోజు విజయనగరం వెళ్లింది. లాంతరు బంగళాలో ఉంది, బంగళాకి తాళం ఉంది, తాళంచెవి ఆమె దగ్గర ఉంది. ఆఫీసరు జీపు దిగలేదు. దారిమీద తాటిచెట్టు నీడలో ఆపించి హారను కొట్టిస్తున్నాడు. దొర దారికీ నూతికీ మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. అసిరయ్యకి పైనుంచి మోకు పట్టే గంగులు గిలక దగ్గర దాన్ని సరిచేస్తున్నాడు.

అసిరయ్య తాటిమట్టలు పక్కకి లాగి లోపలికి వంగి చూశాడు.

"మూడు రోజులై మూసున్నాది. దీపం దింపకుండా దిగకూడదు. ఇంటికెళ్లి మా లాంతరు తెచ్చెత్తాను. దొరకి సెప్పు" అన్నాడు.

హారను మళ్లీ మోగింది. దొర దూరం నుంచే అడిగాడు. "ఏమంటున్నాడు? దీపం దింపి చూశారా?"

"చూశాం, వాళ్లింటి లాంతరుతో" అన్నాను ఇంగ్లీషులో.

అసిరయ్యతో, "దీపం అక్కర్నేదంతన్నాడు దొర. పట్టపగలు లాంతరేటని ఆపీసరు నవ్వుతాడట. బేగి దిగు" అన్నాను.

వాడు దొరకేసి చూశాడు. దొర నవ్వుతూ చెయ్యి ఊపాడు. వాడూ నవ్వి, గోచీ బిగించుకుని మోకు పట్టుకున్నాడు.

అడుగున మోకు వదిలేశాడు. గునపం దెబ్బ ఒకటి వినిపించింది. రెండోది వినిపించలేదు. వేపమండలతో గాలి ఆడించి, గంగులు నడుముకి మోకు కట్టుకుని దిగి వాణ్ణి పైకి తెచ్చేసరికి వాడి మొహం మీద ఎండ పడినా కళ్లు ఆర్పలేదు.

పోలీసులు వచ్చి ప్రమాదం అని రాసుకుపోయారు. గంగులు తను విన్నది ఊరంతా చెప్పాడు. దీపం వద్దన్నది దొర. ఆ సాయంత్రం నుంచే బంగళాకి పాలు పోసే ఆవిడ రావడం మానేసింది. నూతి పనికి ఒక్కడూ రాలేదు. దొర కనపడితే మగాళ్లు లేచి అవతలికి పోయేవారు. ఆయన ఇదంతా దుఃఖం అనుకున్నాడు. రోజుకి నాలుగుసార్లు నన్ను అడిగేవాడు. దీపం ఆరకుండా మనిషి ఎలా పోతాడు? ఎక్కడ పొరపాటు జరిగింది? చివరికి వాళ్ల చర్చికి ఉత్తరం రాశాడు, నావల్ల కాదు, వచ్చేస్తున్నామని.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అయినా పన్నెండు రోజులూ నాకు తప్పించుకునే చోటు లేకపోయింది. ఇంట్లో కూర్చుంటే దొర కబురు పంపేవాడు. దొర దగ్గర కూర్చుంటే అసిరయ్య పెళ్లాం దాలమ్మ కబురు పంపేది. ఆ దొరని ఒక్కసారి ఇటు తీసుకురా, ఒక్కమాట అడగాలి అని. ఇవాళా రేపూ అని ఇద్దరినీ ఆపుతూ వచ్చాను. ఇక ఆపడానికి రోజులు లేవు.

దాలమ్మ పంచలో గోడకి ఆనుకుని కూర్చుంది. అమ్మడు నులకమంచం వాల్చింది. దొర మంచం మీద కూర్చోకుండా నేలమీదే గొంతుకూర్చున్నాడు. దొరసాని గడప దగ్గర నిలబడిపోయింది. ఎల్లమ్మ అమ్మడు పక్కన చేరింది.

దొర చాలాసేపు మాట్లాడాడు. అసిరయ్య ఈ దేశంలో నాకు దొరికిన స్నేహితుడు. ఆ రోజు దీపం నిలిచిందన్నారు, అయినా నేనే దగ్గరకెళ్లి కళ్లారా చూసుకోవలసింది. నా తొందరవల్లే దిగాడు. అది ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పండి, అన్నాడు.

"అసిరయ్య మంచోడు, ఆడికోసం దేవుడికి దండం పెట్టుకుంతాను అంతన్నాడు" అన్నాను దాలమ్మతో.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అంత మాటకీ ఇంతేనేటి?"

"ఇంగ్లీసు అంతే. ఊరికే సాగుతాది."

"సరే, ఇది అడుగు. దీపం ఎందుకొద్దన్నాడు? అరగంట ఆగితే ఆ ఆపీసరుకేటి ములిగిపోనాది? నా పెనిమిటి ఆణ్ని నమ్మినాడు కదా, ఆడెందుకలాగ సేసినాడో అడుగు."

నేను దొర వైపు తిరిగాను. "ఇది మా తలరాత, మీమీద కోపం లేదు అంటోంది" అన్నాను.

దొర కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ ఎత్తి ఆమెకి దండం పెట్టాడు.

దాలమ్మ మొహం గట్టిపడింది. "ఎందుకని అడిగితే దండమెడతాడేటి? నువ్వు సరిగ్గా అడిగినావా బావా?"

"అడిగినాను."

అప్పుడు ఎల్లమ్మ తండ్రి చొక్కా లాగి ఇంగ్లీషులో అంది. "నాన్నా, ఆమె దీపం అంది. ఈయన మీతో దీపం అనలేదు."

దొర నా వైపు చూశాడు. "దీపం గురించి ఏమంది?"

అందరూ నన్నే చూస్తున్నారు. పెంకుల కప్పు అంత తక్కువ ఎత్తులో ఉందని నాకు అప్పుడే తెలిసింది. నోటికొచ్చింది అనేశాను. "వాడి కోసం దింపే లాంతరు గుర్తుగా ఇస్తారా అని అడుగుతోంది."

"అయ్యో, అడగాలా" అన్నాడు దొర. కూతుర్ని జీపు దగ్గరికి పంపించాడు. ఆ పిల్ల పరిగెత్తుకెళ్లి లాంతరు తెచ్చింది. గాజు పగలకుండా చుట్టిన తువ్వాలు విప్పి, దాలమ్మ ముందు పెట్టి, ఎదురుగా గొంతుకూర్చుంది.

"నాన్న దీపం అడిగినాడు" అంది తెలుగులో. ఒక్కొక్క మాటా వెతికి వెతికి తీస్తోంది. "ఆ రోజు. దీపం దింపినారా, అడిగినాడు. ఈడు దింపినాం అన్నాడు."

వేలితో నన్ను చూపించింది. పెద్దవాణ్ణి ఈడు అనకూడదని దానికి తెలియదు. అదీ అసిరయ్య దగ్గర నేర్చిందే. తను ఆ రోజు అక్కడ లేదు. తండ్రి ఇంట్లో ఆ మాటే తలుచుకుని తలుచుకుని కుమిలిపోతుంటే విని ఉంటుంది. తండ్రి తప్పు లేదని దాలమ్మకి చెప్పుకుందామనే దాని తాపత్రయమంతా.

దాలమ్మ లాంతరుకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

"నిజవేనా?" అంది.

నేను లాంతరు తువ్వాలు తీసి మడతపెట్టాను.

"ఏమడుగుతోంది?" అన్నాడు దొర.

"లాంతరు ఇచ్చినందుకు సంతోషం అంటోంది."

"ఇప్పుడేటి సెప్పినావు ఆడికి?" అంది దాలమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "నానేటి సెప్పినా నీ నోట్లోంచే ఎల్లాలి కదా. ఆడేటి సెప్పినా నీ నోట్లోంచే రావాలి. బాగున్నాది."

ఆమె లేచి ఎల్లమ్మ గెడ్డం పట్టుకుంది. "ఎల్లిరా తల్లీ" అంది. తర్వాత దొర వైపు తిరిగి చేతులు జోడించింది. "ఆడి తప్పు నేదని సెప్పు. అదొక్కటైనా సరిగ్గా సెప్పు."

ఆ ఒక్కటీ సరిగ్గానే చెప్పాను. దొరకి అది కొత్తగా అనిపించలేదు. ఇందాకే ఆమెకి కోపం లేదని నేను చెప్పేశాను కదా.

జీపు ఎక్కేముందు దొర నా చెయ్యి పట్టుకుని ఊపి, ఒక కవరు చేతిలో పెట్టాడు. బ్లాకాఫీసరుకి ఉత్తరం. "మీ గురించి రాశాను. నమ్మదగ్గ మనిషి అని రాశాను" అన్నాడు. వద్దని అనాలనుకున్నాను. ఎందుకు అని అడిగితే చెప్పాలి. చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎల్లమ్మ జీపు వెనకనుంచి అమ్మడికి చెయ్యి ఊపుతూనే ఉంది. సాలూరు నుంచి వచ్చే లారీ ఒకటి రోడ్డు మీద దుమ్ము లేపితే జీపు అందులో కలిసిపోయింది.

వాళ్లకి మా ఊరు అయిపోయింది. విమానం ఎక్కుతారు, ఏడుస్తారు, వాళ్ల చర్చిలో మాట్లాడతారు, కొన్నాళ్లకి కాలేజీ తెరుస్తారు. నాకు ఇంటికి వెళ్లాలంటే దాలమ్మ గుమ్మం ముందునుంచే దారి. ఇంకో దారి లేదు.

ఆమె లాంతరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నూతి అడుగున ఆడి గునపం ఉండిపోనాది" అంది. "గంగులు మళ్లీ దిగనంతన్నాడు. ఎవలూ దిగనంతన్నారు. రేపు పొద్దున్న నువ్వు దిగి తెచ్చియ్యి."

"నాకు నూతి పని రాదు కదా దాలమ్మా."

"గునపం తేడానికి పనేటి? మోకు గంగులు పడతాడు, నాను సెప్తాను. ముందు ఈ దీపం దింపి సూసుకో. ఆరితే దిగకు."

"ఊళ్లో సెప్తావా?"

"సెప్తే ఏటవుతాది? నిన్ను కొడతారు. ఆడు తిరిగి రాడు." లాంతరు నా చేతికిచ్చింది. "నిన్ను మూడు రోజులు మోసినానని ఊరందరికీ సెప్పుకునేవోడు. బరువేటి నేదు, ఎండు కర్రలాగున్నాడు అనేవోడు."

తెల్లవారాక నూతి దగ్గరికి వెళ్లాను. గంగులు నాకంటే ముందే వచ్చి గిలక దగ్గర కూర్చున్నాడు. దాలమ్మ తన ఇంటి గుమ్మంలోంచి చూస్తోంది, అంత దూరం నుంచి. వానమబ్బు పట్టి ఉంది కానీ చినుకు లేదు. నూతిమీద మళ్లీ తాటిమట్టలు కప్పి పన్నెండు రోజులు దాటింది. వాటిని పక్కకి లాగాం. లోపలినుంచి పాచి వాసన కొట్టింది.

లాంతరు వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి. తాడు కట్టి వదిలాను. దీపం రాతిగోడల్ని తడుముకుంటూ దిగింది. పది అడుగులు. ఇరవై. నా జన్మలో దేన్నీ అంతగా కోరుకోలేదు, ఆ దీపం ఆరిపోవాలని కోరుకున్నంతగా. పన్నెండు రోజుల మూత. ఆరాలి, న్యాయంగా అయితే. ఆరితే గట్టుమీద కూర్చుని వేపమండలు ఆడించుకుంటూ పూట గడిపేయొచ్చు. రేపు అనొచ్చు. ఆ తర్వాత వానలు.

తాడు అడుగు తాకి వదులైంది. వంగి చూశాను. కింద చీలమండ లోతు నీళ్లు ఊరి ఉన్నాయి. నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చిన రాతి మీద లాంతరు కూర్చుంది. దాని పక్కన నీళ్లలో గునపం, వాడు వదిలినచోటే, ఏటవాలుగా నిలబడి ఉంది.

గంగులు కూర్చున్నచోటు నుంచి లోపల ఏముందో కనపడదు. "ఆరిందా?" అని అడిగాడు.

ఆరిందంటే నమ్ముతాడు. వాడేమిటి, ఊరంతా నమ్ముతుంది. మొన్నటిదాకా నేను ఏది చెబితే అది నమ్మారు. గుమ్మంలో ఆ మనిషి ఒక్కత్తే నమ్మదు. రేపు మళ్లీ లాంతరు ఇస్తుంది. ఎల్లుండి ఇస్తుంది.

"ఆర్నేదు" అన్నాను.

చొక్కా విప్పి, ఉత్తరం జేబులో ఉండగానే మడిచి, గట్టుమీద పెట్టి పైన రాయి ఉంచాను. నడుముకి మోకు కట్టుకున్నాను. గిలక కిర్రుమంది. పైన ఆకాశం పళ్లెమంత అయింది, తర్వాత చిప్పంత అయింది. ఊపిరి బిగబట్టాను, అవసరం లేకపోయినా. కింద దీపం వెలుగుతూనే ఉంది.